పరామర్శకు వెళ్ళే దారి: మన పాత కార్ల సంఘానికి బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులకు, వచ్చే ఏటి ప్రయాణానికి పేర్లిచ్చిన కుటుంబాలకు నమస్కారం.

ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్, బెల్జియం యుద్ధభూముల మీదుగా మన పాత కార్ల యాత్రకు మీరు తయారుచేసిన ముసాయిదా పోయిన వారం అందింది. మూడుసార్లు చదివాను. ఓడ టికెట్ల ధరలు, రాత్రి బసలు, పెట్రోలు బంకులు, పిల్లలకు శాకాహారం దొరికే చోట్లు, అన్నీ ఓపికగా సేకరించారు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ ఇంత పని నెత్తిన వేసుకున్నవాళ్ళకు ముందుగా నా కృతజ్ఞతలు. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో ఉన్న తెలుగు మిత్రులను కూడా దారిలో వచ్చి కలవమని పిలిచారు. కాబట్టి నా అభ్యంతరాలను కూడా నలుగురిలోనే చెప్పడం న్యాయమనిపించి ఈ బహిరంగ లేఖ రాస్తున్నాను.

ముసాయిదా ప్రకారం సెప్టెంబరు చివర ఐదు రోజుల్లో వాటర్లూ, ఈప్ర్, సోమ్, వెర్డున్, నార్మండీ చూడాలి. వీటిలో ఈప్ర్, సోమ్, వెర్డున్ మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన చోట్లు. మొత్తం పదిహేడు మజిలీలు, సుమారు 1,600 కిలోమీటర్లు. మూడో రోజు వెర్డున్ దారిలో కార్లకు సమయం కొలిచే పోటీ. నాలుగో రోజు సాయంత్రం ఆనాటి సైనిక దుస్తుల్లో వేషధారణ, బహుమతులు. ఒక పెద్ద శ్మశానం ద్వారం ముందు మన పద్నాలుగు కార్లనూ వరసగా నిలిపి డ్రోన్‌తో ఫొటో. ఇక ఉత్తర ఫ్రాన్స్‌లో నవ్ షాపెల్ అనే ఊళ్ళో ఉన్న భారతీయ సైనికుల స్మారకానికి ఇరవై నిమిషాలు, అదీ ‘టీ విరామం’ అన్న శీర్షిక కింద. ఆ చివరి మాట చదివినప్పుడు మనసు చివుక్కుమంది.

చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళేటప్పుడు ఎవరూ నేర్పకుండానే మనం కొన్ని పాటిస్తాం. గొంతు తగ్గిస్తాం. బండిని గేటు ముందు కాకుండా కాస్త అవతల ఆపుతాం. వాళ్ళు చెబితే వింటాం, చెప్పకపోతే పక్కన కూర్చుంటాం. లేచేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనం, మాట లేకుండానే గడప దాటుతాం. ఆ యుద్ధభూములు వందేళ్ళు దాటినా చావు జరిగిన ఇళ్ళే. అక్కడ పునాది తవ్వినా, కాలువ తీసినా ఇప్పటికీ మనుషుల ఎముకలు బయటపడుతున్నాయి. భుజం మీది బిళ్ళను బట్టో, బొత్తాన్ని బట్టో ఆ సైనికుడు ఏ దళం వాడో తేల్చి, సైనిక లాంఛనాలతో మళ్ళీ ఖననం చేస్తున్నారు. అందువల్ల నేను అడిగేది ఒక్కటే. ఈ యాత్రను మొదటినుంచి చివరిదాకా పరామర్శగా వేసుకుందాం. ఎంత దూరం పోవాలి, ఎంత వేగంగా పోవాలి, ఏం కట్టుకోవాలి, కార్లు ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ మాటలోనే దొరుకుతుంది.

అలాగైతే రైల్లో వెళ్ళవచ్చు కదా, కార్లెందుకు అని ఒక మిత్రుడు ఫోనులో అడిగారు. కార్లలోనే వెళ్ళాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎందుకంటే మన బండ్ల తాతలు ఆ మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నాయి. 1914 సెప్టెంబరు మొదటి వారంలో జర్మన్ సేనలు పారిస్ దరిదాపులకు వచ్చినప్పుడు, నగర సైనిక గవర్నరు గలీయెనీ ఆజ్ఞ మీద ఊళ్ళో తిరిగే టాక్సీలను పోగుచేసి, కొన్ని వేలమంది సైనికులను రాత్రికి రాత్రి మార్న్ నది వైపు తరలించారు. అవి ఎక్కువగా రెండు సిలిండర్ల రెనో టాక్సీలు. తరువాత ప్రభుత్వం మీటర్లు చూసి లెక్కకట్టి ఆ డ్రైవర్లకు కిరాయి చెల్లించింది. యుద్ధం గతిని మార్చినవి ఆ టాక్సీలే అనడం అతిశయోక్తి అని చరిత్రకారులు అంటారు, అది నిజమే కావచ్చు. కానీ సైన్యాన్ని మోటారు బండి మోయగలదని జనం కళ్ళారా చూసిన రోజది. అదే ఏడాది లండన్ వీధుల్లోని రెండంతస్తుల బీ టైపు బస్సులు వందల సంఖ్యలో సముద్రం దాటి బెల్జియంలోని ఫ్లాండర్స్ బురదలో సైనికులను మోశాయి.

ఇంతకంటే పెద్ద కథ వెర్డున్ రోడ్డుది. సమయం కొలిచే పోటీ పెట్టాలని మీరు అనుకున్నది ఆ రోడ్డు మీదనే కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాయక తప్పదు.

1916 ఫిబ్రవరి 21న జర్మన్ ఫిరంగులు వెర్డున్ మీద విరుచుకుపడే నాటికి ఆ నగరానికి పోయే పెద్ద రైలు మార్గాలు తెగిపోయో, ఫిరంగుల అందుబాటులో పడో పనికి రాకుండా ఉన్నాయి. మిగిలినవి రెండే. ఒకటి ఇరుకు పట్టాల చిన్న రైలు. రెండోది బార్ లె డ్యూక్ నుంచి వెర్డున్‌కు డెబ్బై కిలోమీటర్లకు పైగా సాగే మామూలు గ్రామీణ రోడ్డు, ఏడు మీటర్లకు మించని వెడల్పు. ఒక సైన్యం మొత్తం ఆ రెండింటి మీద బతకాలి. ఫ్రెంచి అధికారులు ఆ రోడ్డును రైలు మార్గంలా నడిపారు. దాన్ని కొన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఒక అధికారిని, మరమ్మతు శాలను, మనుషులను కేటాయించారు. గుర్రపు బండ్లను, కాలినడకన పోయే దళాలను దాని మీదకు రానివ్వలేదు. లారీ ఆగిపోతే బాగుచేయడానికి అక్కడ నిలబడకూడదు, పక్కనున్న గోతిలోకి నెట్టి వెనక బండికి దారి ఇవ్వాలి. ఫిబ్రవరి నెలాఖరున మంచు కరిగి నేల మెత్తబడింది. గట్టి రబ్బరు చక్రాల లారీలు రోడ్డును తవ్వి పోస్తుంటే, వయసు మళ్ళిన సైనికులను రోడ్డు పొడవునా నిలబెట్టి, పక్క గనుల్లో తవ్విన రాళ్ళను పారలతో చక్రాల కిందికి వేయించారు. రోడ్డు రోలరుకు వ్యవధి లేదు. లారీలే రోలర్లయ్యాయి. రద్దీ ముదిరిన రోజుల్లో సగటున పద్నాలుగు సెకన్లకు ఒక బండి చొప్పున రాత్రీ పగలూ నడిచింది. వారానికి సుమారు 90,000 మంది మనుషులు, 50,000 టన్నుల సామగ్రి ఆ దారిన వెర్డున్ చేరాయి. తిరుగు లారీల్లో గాయపడినవాళ్ళు వచ్చారు. చాలామంది రాలేదు.

రచయిత మోరిస్ బారెస్ ఆ రోడ్డుకు ‘వ్వా సాక్రే’ అని పేరు పెట్టాడు. పవిత్ర మార్గం అని అర్థం. ఇప్పటికీ ఆ రోడ్డు అధికారిక సంఖ్య 1916. దారి పొడవునా కిలోమీటరు రాళ్ళ మీద సైనికుడి శిరస్త్రాణం బొమ్మ ఉంటుంది.

ఆ రాళ్ళ మధ్య స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడదామా? పోటీలు పెట్టుకోవడానికి ఇంగ్లండ్‌లో కొండ దారులు కావలసినన్ని ఉన్నాయి, అక్కడ నేనూ మీతో పాటు పాల్గొంటాను. పవిత్ర మార్గం మీద మాత్రం గంటకు నలభై కిలోమీటర్లు మించకుండా, మూడేసి కార్లుగా విడిపోయి, వెనక వచ్చే స్థానికులకు దారి ఇస్తూ వెళ్దాం. పిల్లల చేత ఆ రాళ్ళను లెక్కపెట్టిద్దాం. వెర్డున్ ఇంకా కొద్ది దూరం ఉందనగా రోడ్డు పక్కనే ఆ మార్గానికి కట్టిన స్మారకం వస్తుంది. లారీలు, రాళ్ళు పోసే మనుషులు శిల్పాలుగా చెక్కి ఉన్నారు. అక్కడ ఇంజన్లు ఆపి కాసేపు నిలబడదాం. బానెట్ కింద చేతులు నల్లగా చేసుకునే మనలాంటివాళ్ళకు తీర్థస్థలం అంటూ ఒకటి ఉంటే అదే.

ఇక నేను ఎక్కువగా ఆలోచించిన విషయం సోమ్. నేను బొల్లారంలో పుట్టి పెరిగాను. పాత మిలిటరీ బంగళాల పక్కనుంచి బడికి నడిచేదాన్ని. నిజాం ఖర్చుతో బ్రిటిష్‌వాళ్ళు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి బొల్లారం ముఖ్యమైన దండు. ఆ కంటింజెంట్ అశ్వదళాల్లోంచి వచ్చినదే ఇరవయ్యో డెక్కన్ హార్స్. దక్కను ముస్లింలు, సిక్కులు, జాట్లు అందులో ఉండేవారు. 1916 జూలై 14 సాయంత్రం సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడవి పక్కన, గోధుమ చేలలోంచి బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూకిన దళాల్లో అది ఒకటి. పక్కనే సెవెంత్ డ్రాగూన్ గార్డ్స్ అనే బ్రిటిష్ అశ్వదళం ఉంది. ఆ రెండు దళాలూ ఏ బ్రిగేడ్‌కు చెందినవో తెలుసా? సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. ఆ పేరు ఫ్రాన్స్ మ్యాపు ముందు కూర్చుని మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు. మా ఊరి పేరు మోసుకుని ఆ గుర్రాలు ఎక్కడిదాకా వచ్చాయో!

ఆ అడవి ఆ సాయంత్రం చేతికి రాలేదు. పూర్తిగా వశం కావడానికి సెప్టెంబరు 15 దాకా పట్టింది. ఆ రోజే ప్రపంచంలో తొలిసారిగా ట్యాంకులు యుద్ధంలోకి దిగాయి. వాటిలో కొన్ని అదే హై వుడ్ వైపు పాకాయి. బల్లెం పట్టిన రౌతుకూ ఇనుప ట్యాంకుకూ మధ్య, ఒకే అడవి అంచున, రెండే నెలలు! యంత్రాన్ని ప్రేమించే మనం ఒక గంట మౌనంగా కూర్చుని ఆలోచించాల్సిన చోటది. ముసాయిదాలోని పదిహేడు మజిలీల్లో అది లేదు. అడవి ఇప్పటికీ ప్రైవేటు భూమి, చాలామంది సైనికుల అవశేషాలు ఇంకా ఆ చెట్ల కిందే ఉన్నాయని అంటారు, కాబట్టి లోపలికి అడుగు పెట్టకూడదు. ఎదురుగా ఉన్న ‘లండన్ శ్మశానం’ అనే సైనిక శ్మశానం దగ్గర ఆగి చూడవచ్చు. దగ్గర్లోని పోజియేర్‌లో ట్యాంకుల స్మారకం ఉంది.

సోమ్‌లో మిగిలినవాటిని మీరు బాగానే ఎంచారు. 1916 జూలై 1న, ఒక్క రోజులో, బ్రిటిష్ సైన్యం 57,470 మందిని కోల్పోయింది. వారిలో 19,240 మంది చనిపోయారు, మిగిలినవాళ్ళు గాయపడ్డారు, పట్టుబడ్డారు, కనిపించకుండా పోయారు. తియెప్‌వాల్ స్మారకం మీద ఆచూకీ దొరకని 72,000 మందికి పైగా పేర్లున్నాయి. దాన్ని కట్టిన ఎడ్విన్ లట్యెన్స్ చేతి మీదుగానే ఢిల్లీ ఇండియా గేటు కూడా లేచింది. ఈ విషయం పిల్లలకు అక్కడే చెప్పాలి. లా బ్వాసెల్ దగ్గర మందుపాతర పేల్చిన పెద్ద గొయ్యి చుట్టూ నడిచే దారి ఉంది, గొయ్యిలోకి దిగకూడదు. ఆల్బేర్ పట్టణంలో రెండు రాత్రులు ఉంటే ఇవన్నీ పరుగు పెట్టకుండా చూడవచ్చు.

నవ్ షాపెల్ సంగతికి వస్తాను. పోయిన ఏడాది జూన్‌లో మా ఆయన, నేను మా ఆస్టిన్ సెవెన్‌లో అక్కడికి వెళ్ళాం. పచ్చని చదును నేల, నాలుగు దారుల కూడలి, లారీల రొద. ఆ రొద మధ్య తెల్లని గుండ్రని గోడ, లోపల పదిహేను మీటర్ల స్తంభం, దానికి రెండు పక్కలా రాతి పులులు. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన, 1927 అక్టోబరులో ప్రారంభించారు. ఫ్రాన్స్, బెల్జియంలలో సాగిన పశ్చిమ రంగంలో చనిపోయి, సమాధి లేకుండా పోయిన 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, కూలీల పేర్లు ఆ గోడ మీద ఉన్నాయి.

1914 శరత్కాలంలో మార్సేయ్ రేవులో దిగిన లాహోరు, మీరట్ డివిజన్లకు ఉత్తరాది చలి తెలుసు గాని, నీళ్ళు నిండిన కందకాల్లో వారాల తరబడి నిలబడే యుద్ధం తెలియదు. అప్పటికి బ్రిటిష్ సైన్యం దగ్గర మనుషులు అయిపోతున్నారు. ఆ ఖాళీలో వీళ్ళను నిలిపారు. అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెకె దగ్గర మెషిన్ గన్ వదలకుండా పోరాడిన ఖుదాదాద్ ఖాన్‌కు బ్రిటిష్ సైన్యపు అత్యున్నత సాహస పతకమైన విక్టోరియా క్రాస్ దక్కింది. మరుసటి ఏడాది మార్చి 10న మొదలైన నవ్ షాపెల్ దాడిలో సగం బలం భారతీయ దళాలదే. గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన గబ్బర్ సింగ్ నేగికి ఆ రోజు చూపిన సాహసానికి విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అందుకోవడానికి ఆయన లేడు. పేరు ఆ గోడ మీద ఉంది.

అక్కడ మన తెలుగు పేర్లు ఎన్ని ఉన్నాయని ఒకరిద్దరు అడిగారు. ఆ లెక్కతో వెళ్ళవద్దని నా మనవి. దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని ఒక సిద్ధాంతం చేసుకుని ఆ నాటి పాలకులు పంజాబు, గఢ్వాలు, నేపాలు, సరిహద్దు కొండల నుంచి ఎక్కువమందిని తీసుకున్నారు. సికింద్రాబాద్ పేరున్న బ్రిగేడ్‌లో కూడా సైనికులు ఎక్కువగా ఉత్తరాదివాళ్ళే. అయితే మాత్రం? పరామర్శకు చుట్టరికమే ఉండాలా? వాళ్ళ మనవలు, మునిమనవలు అంత దూరం రాలేరు. వీసా ఖర్చు, విమానం ఖర్చు వాళ్ళకు భారం. కాలే రేవు నుంచి ఒక్క పూట దూరంలో కారు పెట్టుకున్నది మనం.

ఆ రోజు మేం అక్కడ మూడు గంటలున్నాం. మా ఆయన ఒక్కో పలక చదువుతూ గోడ వెంట నడిచారు. సిపాయి, నాయక్, హవల్దారు, సవారు. మధ్యలో వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా. స్తంభం మీద దేవుడు ఒక్కడే, విజయం ఆయనదే అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. మేము ఉన్నంతసేపూ లోపలికి వచ్చింది ఒకే ఒక స్థానిక వృద్ధురాలు. పొరుగు ఊరి నుంచి సైకిలు మీద వచ్చి, మమ్మల్ని చూసి తల వంచి, ఏమీ మాట్లాడకుండా కాసేపు బల్ల మీద కూర్చుని వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు గేటు దగ్గర అలవాటు కొద్దీ ‘వెళ్ళొస్తాం’ అనబోయి నోరు నొక్కుకున్నాను.

కాబట్టి అక్కడ ఒక పూట కేటాయించండి. కార్లను ఆ రద్దీ కూడలిలో నిలపవద్దు, ఊళ్ళోకి పోయి విడివిడిగా ఆపి నడిచి వద్దాం. టీ ఊళ్ళోనే తాగుదాం. లోపల కొబ్బరికాయలు కొట్టడం, దీపాలు వెలిగించడం వద్దు. పూలు చాలు. ఆ సైనికులు ఇళ్ళకు రాయించిన ఉత్తరాలను సెన్సారు అధికారులు ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్నందువల్ల వాటి నుంచి తీసిన భాగాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ముందుగా తలా ఒకటి తెలుగులోకి మార్చుకుని, ముందు రాత్రి బసలో చదువుకుందాం. ఏ భాష మనిషైనా ఇంటికి రాసే ఉత్తరం మనకు అర్థమవుతుంది.

ఈప్ర్ గురించి కొద్దిగానే చెబుతాను, అది అందరికీ తెలిసిన చోటే. అక్కడి స్మారక కమాను మెనిన్ గేట్ మీద 54,000 మందికి పైగా పేర్లున్నాయి, భారతీయులవి కూడా. 1928 నుంచి, జర్మన్ ఆక్రమణ కాలం మినహా, రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ కమాను కింద రాకపోకలు ఆపి బాకాలు ఊదుతున్నారు. అయిపోయాక చప్పట్లు కొట్టరు. ఇది మన పిల్లలకు ముందే చెప్పాలి. పుష్పగుచ్ఛం ఉంచాలనుకుంటే నిర్వాహకులకు ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. కమాను కిందుగా కార్ల ఊరేగింపు, హారన్లు అని ముసాయిదాలో ఉన్నది తీసేయండి.

సైనిక దుస్తుల వేషధారణ కూడా వద్దు. ఆ బట్టల్లో చచ్చిపోయినవాళ్ళ పక్కన ఆ బట్టలు కట్టుకుని బహుమతి తీసుకోవడం నాకు మింగుడు పడదు. 1920ల నాటి టోపీలు, కోట్లు మన కార్లకు అందంగానే ఉంటాయి, వాటిని ఆల్బేర్‌లో సాయంత్రం విందుకు దాచుకుందాం. శ్మశానం ముందు ఫొటో సంగతికి వస్తే, పాత ఇంజన్లు నూనె కారుస్తాయి. ద్వారం ముందు కంకర మీద పద్నాలుగు నూనె మరకలు వదిలి రావడం మర్యాద కాదు. ప్రతి కారూ ఒక పళ్ళెం వెంట తెచ్చుకుని, ఎక్కడ ఆగినా ఇంజను కింద పెట్టాలని నియమం చేయండి.

ఇంకో ప్రాణాపాయమైన విషయం ఉంది. ఫ్లాండర్స్‌లో, సోమ్‌లో, వెర్డున్ చుట్టూ రైతులు దున్నినప్పుడల్లా పేలని గుండ్లు బయటపడుతూనే ఉన్నాయి. వాటిని పొలం గట్టు మీదో, స్తంభం పక్కనో పెడతారు, ప్రభుత్వ నిపుణుల బృందాలు వచ్చి తీసుకుపోతాయి. మేము వెళ్ళినప్పుడు ఒక పశువుల కొట్టం పక్కన తుప్పు పట్టిన గుండ్లు మూడు వరసగా పెట్టి ఉండటం చూశాం. 2014 మార్చిలో ఈప్ర్‌లో ఒక నిర్మాణ స్థలంలో అలాంటి గుండు పేలి ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు, యుద్ధం మొదలైన నూరేళ్ళకు. కొన్నింటిలో విషవాయువు కూడా ఉంటుంది. పిల్లలు తుప్పు ముక్క కూడా ముట్టుకోకూడదు, జ్ఞాపకంగా ఏదీ ఇంటికి తేకూడదు. కార్లను పొలం గట్ల మీదకు ఎక్కించి ఆపకూడదు.

ఇక దూరం, కాలం. సెప్టెంబరు నెలాఖరు వద్దు. ఆ రోజుల్లో ఉత్తర ఫ్రాన్స్‌లో చక్కెర తీసే బీట్ దుంపల కోతలు మొదలై ట్రాక్టర్లు రోడ్డంతా జిగట బురద చేస్తాయి. సన్నని టైర్లు, తీగ బ్రేకులు ఉన్న మన బండ్లు దాని మీద ఆగవు. మా 1929 ఆస్టిన్‌కు కాలి బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ముందు చక్రాలకు చేతి బ్రేకు లాగాలి. తడి రాళ్ళు పరిచిన దారుల మీద ఆ రెండూ కలిపి పట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. మే నెలాఖరున బడులకు వారం సెలవు ఉంటుంది. రెండు వైపులా శని, ఆదివారాలు కలిస్తే తొమ్మిది రోజులు, ఇంకొక్క రోజు సెలవు పెట్టుకుంటే పది. చేల గట్లన్నీ గసగసాల జాతి ఎర్ర పువ్వులతో నిండే కాలమది.

వాటర్లూ, నార్మండీ తీసేయండి. రెండూ గొప్ప చోట్లే, కానీ వేరే యుద్ధాలవి, వేరే యాత్రకు తగినవి. కాలేలో దిగి ఈప్ర్‌లో రెండు రాత్రులు, నవ్ షాపెల్ మీదుగా ఆల్బేర్‌లో రెండు రాత్రులు, రాన్స్‌లో ఒక రాత్రి, బార్ లె డ్యూక్‌లో ఒక రాత్రి, పవిత్ర మార్గం మీదుగా వెర్డున్‌లో రెండు రాత్రులు. వెర్డున్‌లో దువోమోన్ అస్థికల మందిరం చూడాలి. ఎవరివో తెలియని సుమారు 1,30,000 మంది ఫ్రెంచి, జర్మన్ సైనికుల ఎముకలు అక్కడ ఒకే చోట ఉన్నాయి, కింది కిటికీల్లోంచి కనిపిస్తాయి. చిన్న పిల్లలను ఆ కిటికీల దగ్గరికి తీసుకెళ్ళాలో వద్దో తల్లిదండ్రులు ముందే ఆలోచించుకోవాలి. పక్కనే ఫ్లెరీ అనే గ్రామం ఉండేది. ఇప్పుడు ఒక్క ఇల్లూ లేదు, ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో చెప్పే గుర్తులున్నాయి. తిరుగు ప్రయాణం రెండు రోజులు. అంతా కలిపి సుమారు 1,100 కిలోమీటర్లు, చాలా రోజులు నూటయాభై లోపే. పది రోజులు కుదరనివాళ్ళు ఎక్కువగా ఉంటే వెర్డున్‌ను మరుసటి ఏటికి వాయిదా వేద్దాం. నవ్ షాపెల్‌ను మాత్రం కుదించవద్దు.

బండ్ల గురించి నాలుగు మాటలు. పద్నాలుగు కార్లు ఒకే వరసలో పోతే వెనకవాళ్ళు మొదటి గేరులో పాకాలి. నీటి పంపు లేని ఇంజన్లు అలాంటప్పుడే మరిగిపోతాయి. అందుకే మూడేసి కార్లు చాలు, చివర ఒక కొత్త కారు ట్రెయిలరుతో రావాలి. ఫ్రాన్స్ బంకుల్లో పది శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ఎక్కువగా అమ్ముతారు, అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. పెట్రోలు పోసే గొట్టం మీద ఇ5 (ఐదు శాతం ఇథనాల్) అన్న గుర్తు చూసి పోయించుకోవాలి. ఊళ్ళలో గుర్తులేవీ లేని కూడళ్ళ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాడికే ముందు హక్కు. చిన్న సందులోంచి వచ్చే ట్రాక్టరైనా సరే, మనం ఆగాలి. ఇది మరిచిపోయినవాళ్ళే ఎక్కువగా ప్రమాదంలో పడతారు. హెచ్చరిక త్రికోణం, మెరిసే చొక్కా ప్రతి కారులో ఉండాలి. పెద్ద నగరాల కాలుష్య నియంత్రణ మండలాల నియమాలు తరచూ మారుతుంటాయి, వాటి అంచులు కూడా తాకకుండా దారి గీయడం మేలు.

మన జాబితాలో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు షెంజెన్ వీసా కావాలి. ఎక్కువ రాత్రులు ఫ్రాన్స్‌లోనే కాబట్టి దరఖాస్తు ఫ్రాన్స్‌కే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, బసల కాగితాలు చూపించాలి. అంటే మే నెలాఖరు ప్రయాణానికి నవంబరు చివరికల్లా బసలు ఖాయం కావాలి. ఇందువల్ల ఈ నెల సమావేశంలోనే తేదీలు, దారి తేల్చమని కోరుతున్నాను. నవ్ షాపెల్ పూట బాధ్యత నాకు వదలండి. ఊళ్ళో కార్లు నిలిపే చోటు గురించి అక్కడి పురపాలక కార్యాలయానికి ఉత్తరం రాయడం, సైనికుల ఉత్తరాలు ఎంచి కుటుంబాలకు పంచడం నేను చూసుకుంటాను. దారి మ్యాపు మా ఆయన గీయడం మొదలుపెట్టారు, సమావేశానికి తెస్తాం.

ఇట్లు,
ఆస్టిన్ సెవెన్ నడిపే మీ సభ్యురాలు